గోడ ఎవరిది? మాట ఎవరిది?



ఒక సంస్థ తన సొంత ఖర్చుతో ఒక గోడ కట్టుకొన్నదనుకొందము. గోడకు లోపల మన స్నేహితుడున్నాడు, బయట మనమున్నాము. అతడు మన మాట వినగోరుచున్నాడు; మనము అతనితో మాటలాడగోరుచున్నాము. అంతలో మూడవవాడొకడు వచ్చి, "ఈ గోడకు నేనొక కిటికీ పెట్టెదను, దానిగుండ మాటలాడుకొనుడి" అనుచున్నాడు. గోడ కట్టినవారి అనుమతి లేని ఆ కిటికీని మనము వాడవచ్చునా? అది పరుల సొత్తులో చొరబడుట అగునా? లేక ఇద్దరి మాటకు నడుమ గోడ కట్టుటయే తప్పా?

ఇది ఊరక ఊహించి అడిగిన ప్రశ్న కాదు. కంప్యూటరులోను సెల్‌ఫోనులోను అప్పటికప్పుడు సందేశములు పంపుకొను ఏర్పాట్ల విషయమై పాతికేండ్లకు పైగా నడచుచున్న వివాదమిది. మన కుటుంబములకు ఇది దూరపు సంగతి కూడ కాదు. తల్లిదండ్రులు బళ్ళారిలో, కుమార్తె చెన్నైలో, పినతండ్రి బరంపురములో, మేనత్త షోలాపూరులో, అల్లుడు గల్ఫులో, ఇట్లు చెదరి బ్రదుకుట మనకు అలవాటైన సంగతి. ఒకరు వాట్సాప్ వాడుదురు, ఒకరు టెలిగ్రామ్, మరొకరు సిగ్నల్. అందరితో ఒక్కచోటనే మాటలాడుటకు వీలు కల్పించు ప్రోగ్రాములు ఉన్నవని మన యువకులు చెప్పుచున్నారు. వాడుట ఎట్లో వారికి తెలియును. వాడవచ్చునా, వాడినయెడల ఎవరికి ఏమి బాకీ పడుదుము అను సంగతి పెద్దలు పిన్నలు కలిసి ఆలోచించవలసియున్నది.

గోడలు ఎట్లు లేచినవి?

1996 నవంబరులో ఇశ్రాయేలు దేశములోని మిరాబిలిస్ అను చిన్న సంస్థ ఐ.సి.క్యూ. అను సందేశ ప్రోగ్రామును విడుదల చేసెను. 1997లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ, అనగా ఏ.ఓ.ఎల్., తన ఇన్‌స్టంట్ మెసెంజరును తెచ్చెను. 1998లో యాహూ సంస్థ, 1999 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ తమ తమ మెసెంజర్లతో వచ్చినవి. 2000 తరువాత మన పట్టణములలోని ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి, యాహూ మెసెంజరులో విదేశపు బంధువులతో మాటలాడినవారు మనలో అనేకులు గలరు.

అయితే ఒకదానిలో ఉన్నవాడు మరొకదానిలో ఉన్నవానితో మాటలాడుటకు వీలు లేదు. కారణము కష్టమైనది కాదు. ఎక్కువమంది ఎచ్చట ఉన్నారో క్రొత్తవాడును అచ్చటికే చేరును. కనుక పెద్ద సంస్థకు గోడ లాభము, చిన్న సంస్థకు గోడ నష్టము. గోడలు పడగొట్టవలెనని చిన్నవారు కేకలు వేయుదురు. వారే పెద్దవారైనప్పుడు తమ గోడను ఎత్తు చేసికొందురు. ఈ వివాదము చదువునప్పుడు ఈ సంగతి మరువరాదు.

ఈ పరిస్థితిలో పుట్టినవే పలు నెట్‌వర్కులకు పనికివచ్చు ప్రోగ్రాములు. 1998లో అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన మార్క్ స్పెన్సర్ గెయిమ్ అను ప్రోగ్రామును వ్రాసెను. 2000లో ట్రిలియన్ అను మరొకటి వచ్చెను. గెయిమ్ పేరు తన ప్రోగ్రాము పేరునకు దగ్గరగా ఉన్నదని ఏ.ఓ.ఎల్. అభ్యంతరము చెప్పగా, 2007లో దానిని పిడ్జిన్ అని మార్చిరి. వేర్వేరు భాషలవారు బేరసారముల కొరకు కలిసినప్పుడు పుట్టు కలగలుపు మాటకు ఆంగ్లములో ఆ పేరు. సంతలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో తెలుగుతో కలిపి మాటలాడి బ్రదికిన తరములకు వారసులమైన మనకు ఆ పేరులోని భావము వివరించి చెప్పనక్కరలేదు.

ఈ ప్రోగ్రాములు పనిచేయు పద్ధతులు రెండు గలవు. మొదటి పద్ధతిలో మన కంప్యూటరులోని ప్రోగ్రామే ఒక్కొక్క నెట్‌వర్కుతో దాని భాషలోనే మాటలాడును. ప్రతి నెట్‌వర్కులోను మనకు సొంత ఖాతా ఉండవలెను. తాళపుచెవి వంటి పాస్‌వర్డు మన యొద్దనే యుండును. రెండవ పద్ధతిలో నడుమ ఇంకొకరి కంప్యూటరు వారధివలె నిలుచును. 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ ప్రకటించిన జాబర్ అను ఏర్పాటులో ఇట్టి వారధులు ఉండెను. 2014లో మొదలైన మేట్రిక్స్‌లోను అట్టివి ఉన్నవి. ఈ పద్ధతిలో సాధారణముగా మన ఖాతాను తెరచు అధికారము ఆ నడిమివాని చేతికి అప్పగింపబడును. మన సందేశమును అతడు ఒక చేతితో తీసికొని, రెండవ చేతితో అందించును. ఈ తేడాను గుర్తుంచుకొనవలెను. మా వాదమంతయు చివరకు దీనిమీదనే నిలిచియున్నది.

ఇరుపక్షముల తప్పులు

1999 జూలైలో మైక్రోసాఫ్ట్ మెసెంజరు వచ్చినప్పుడు, అది ఏ.ఓ.ఎల్. వారి నెట్‌వర్కులోనివారితో కూడ మాటలాడగలిగియుండెను. ఏ.ఓ.ఎల్. దానిని అడ్డగించెను. మైక్రోసాఫ్ట్ త్రోవ మార్చెను. మరల అడ్డగించిరి, మరల మార్చిరి. ఇట్లు నెలల తరబడి జరిగి, ఆ సంవత్సరము ముగియక మునుపే మైక్రోసాఫ్ట్ ఆ ప్రయత్నమును మానుకొనెను. ఆ పనిలో పాలుగొన్న డేవిడ్ ఆయర్‌బాక్ అను ఇంజనీరు 2014లో ఆ కథను వివరముగా వ్రాసెను.

ఇందులో ఎవరు నీతిమంతులు? మేము చదివినంతలో ఇరువురును కారు. మైక్రోసాఫ్ట్ తన ప్రోగ్రామును ఏ.ఓ.ఎల్. వారి ప్రోగ్రామువలె వేషము వేయించెను. వాడుకదారులు తమ ఏ.ఓ.ఎల్. పాస్‌వర్డును పోటీ సంస్థ ప్రోగ్రాములో టైపు చేయవలసివచ్చెను. అది అపాయకరమని ఏ.ఓ.ఎల్. చెప్పిన మాటలో న్యాయమున్నది. అయితే ఆ ఏ.ఓ.ఎల్. చేసినదేమి? తన సొంత ప్రోగ్రాములోనే ఉన్న ఒక భద్రతా లోపమును సాధనముగా చేసికొని, ఎదుటనున్నది తనదా పరాయిదా అని పరీక్షించెను. భద్రత పేరు చెప్పి, తన వాడుకదారుల కంప్యూటర్లలోని కన్నమునే ఉపయోగించుకొనెను. ఆ లోపమును బయటపెట్టుటకై మైక్రోసాఫ్టులోని ఒకరు, స్వతంత్ర వ్యక్తినని చెప్పుకొని, మారుపేరుతో ఒక భద్రతా నిపుణునికి ఈ-మెయిల్ వ్రాయగా, అది మైక్రోసాఫ్ట్ కంప్యూటరునుండే వచ్చినదని బయటపడెను. నిజము చెప్పుటకు అబద్ధపు పేరు పెట్టుకొన్నందున ఆ నిజమునకే మచ్చ వచ్చెను.

ఇందులో మనకొక పాఠమున్నది. మంచి పనియైనను వేషముతో చేసినయెడల, తరువాత దానిని సమర్థించుకొనుటకు మరియొక వేషము వేయవలసివచ్చును.

గోడ కట్టినవారి వాదము

గోడ కట్టినవారి మాటను తేలికగా తీసివేయుట న్యాయము కాదు. వారు మూడు సంగతులు చెప్పుదురు. సర్వర్లు మావి, వాటి ఖర్చు మాది. ప్రకటనలు లేని వేరొక ప్రోగ్రాముతో ఉచితముగా వాడుకొనుట మా కష్టమును దోచుట అందురు. ఖాతా తెరచునప్పుడు మా నిబంధనలకు మీరు ఒప్పుకొంటిరి గదా అందురు. ద్వారము తెరచినయెడల వ్యర్థ సందేశములు, మోసగాండ్రు లోపలికి వచ్చెదరందురు.

మూడవ మాటలో చాల నిజమున్నది. రెండవదానిలోను కొంత ఉన్నది, ఎందుకనగా ఇచ్చిన మాట మాటయే. అయితే ఒక్కటి ఆలోచింపుడి. స్నేహితులందరు ఒకే గోడలోపల ఉన్నప్పుడు, "ఒప్పుకొనుము, లేదా వారితో మాటలాడకుము" అని అడిగి తీసికొన్న సంతకము, బేరమాడి ఇచ్చిన సంతకముతో సమానమగునా? దానికి విలువ లేదని మేము అనము. దాని విలువ తక్కువ అనుచున్నాము.

మొదటి మాటకు చరిత్రలో జవాబున్నది. ఒకప్పుడు దేశదేశమునకు టపా వేరు, ఛార్జీలు వేరు. 1874లో బెర్న్ నగరములో 22 దేశములు కలిసి తపాలా ఒడంబడిక చేసికొనెను. హిందూదేశము 1876లో అందులో చేరెను. నాటినుండి ఒక దేశములో అంటించిన బిళ్ళతో ఉత్తరము వేరొక దేశములోని ఇంటి గుమ్మము వరకు చేరుచున్నది. టెలిఫోను సంగతియు అంతే. 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో అమెరికాలోని అనేక పట్టణములలో రెండేసి టెలిఫోను కంపెనీలుండి, ఒకదాని తీగ మరొకదానితో కలియకపోగా, వర్తకులు అంగడిలో రెండు టెలిఫోనులు పెట్టుకొనవలసివచ్చెను. 1913లో ఏ.టి. అండ్ టి. సంస్థ తన దూరప్రాంతపు తీగలతో ఇతర కంపెనీలను కలుపుటకు ఒప్పుకొనెను. ఆ తీగలు ఆ సంస్థవే, ఖర్చు దానిదే. అయినను తీగ సొంతమైనంతమాత్రమున దానిమీద నడచు మాట సొంతము కాదని లోకము క్రమముగా ఒప్పుకొన్నది.

ఇంకొక సంగతి. ఆ పాత మెసెంజర్ల గోడలు ఇప్పుడెక్కడ? ఏ.ఓ.ఎల్. మెసెంజరు 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజరు 2018 జూలై 17న, ఐ.సి.క్యూ. 2024 జూన్ 26న మూతబడినవి. ఆ గోడలోపల మాత్రమే పరిచయమును ఉంచుకొన్నవారు గోడతోపాటు పరిచయమును పోగొట్టుకొనిరి. సంస్థ కంటె స్నేహము ఎక్కువ కాలము బ్రదుకును. కనుక తక్కువ కాలము బ్రదుకు దానికి ఎక్కువ కాలము బ్రదుకు దానిమీద సర్వాధికారము ఇచ్చుట సరికాదు.

కాబట్టి మా అభిప్రాయమును సూటిగా చెప్పుచున్నాము. మన సొంత ఖాతాతో, మన సొంత మాటను, వినుటకు ఇష్టపడిన మనిషికి, మనకు నచ్చిన ప్రోగ్రాముతో చేరవేయుట దొంగతనము కాదు. గోడ సంస్థది కావచ్చును. మాట సంస్థది కాదు.

అవతలివాని సంగతి ఏమి?

అయితే ఇంతటితో ప్రశ్న తీరలేదు. చాలమంది ఇక్కడనే ఆగిపోవుదురు. అసలు బరువు ఇక్కడనుండియే మొదలగును. మాట సంస్థది కాదంటిమి. మరి అది మన ఒక్కరిదేనా? సంభాషణకు ఇద్దరు గలరు. మనము పంపిన మాట మనది, అతడు పంపిన మాట అతనిది. మనము నడుమ ఒక వారధిని పెట్టుకొన్నప్పుడు, మన మాటతోపాటు అతని మాట కూడ ఆ నడిమివాని చేతిగుండ పోవుచున్నది. దానికి అతడు ఒప్పుకొనలేదు. అసలతనికి తెలియనే తెలియదు.

ఒక ఉదాహరణ తీసికొందము. పొరుగు ఊరిలోని సహోదరి తన వ్యాధిని గూర్చి గాని, తన కుమారుని అప్పుల గూర్చి గాని మనకు రహస్యముగా వ్రాసినదనుకొందము. వాట్సాప్ 2016 ఏప్రిలులో అందరికి ఇచ్చిన ఏర్పాటు ప్రకారము ఆ సందేశము ఆమె ఫోనులో తాళము వేయబడి, మన ఫోనులోనే తెరవబడును. నడుమనున్న సంస్థ కూడ చదువలేదు. ఆమె ఆ నమ్మకముతోనే వ్రాసినది. మనమేమో నడుమ పరాయి కంప్యూటరులోనున్న ఒక వారధిని పెట్టితిమి. ఒక తాళపు భాషనుండి మరొక తాళపు భాషకు మార్చవలెనంటే, ఆ వారధి ఒక క్షణమైనను తాళము తీయవలెను. ఆ క్షణములో ఆమె మాట ఎవరి ఎదుటనో విప్పబడినది. వారు చదువకపోవచ్చును. అయినను ఆమె నమ్మినది మనలను, వారిని కాదు. ఉత్తరమును స్నేహితునికి అప్పగించినవాడు, ఆ స్నేహితుని గుమాస్తాకు అప్పగించినట్లు కాదు గదా.

మొదటి పద్ధతి ప్రోగ్రాములలోను ఈ బాధ్యత లేకపోలేదు. పిడ్జిన్ ప్రోగ్రాము చాలకాలము పాస్‌వర్డులను కంప్యూటరులో తాళము వేయకుండ సాదా అక్షరములలోనే దాచెడిది. దాని నిర్మాతలు ఈ సంగతిని మరుగుచేయక, కారణము కూడ బహిరంగముగా చెప్పిరి: తాళము వేసి తాళపుచెవిని ప్రక్కనే పెట్టుట ఉత్త భ్రమయే అనిరి. ఈ నిజాయితీని మెచ్చుకొనవలసినదే. అయితే నలుగురు వాడు కంప్యూటరులో అట్టి ప్రోగ్రాము వాడినయెడల, మన తాళపుచెవియే గాక, మనకు వ్రాసినవారి మాటలును అక్కడ మిగిలిపోవచ్చును.

కనుకనే గోడ నిలుపుకొనువారందరు దురాశాపరులని మేము చెప్పము. సిగ్నల్ సంస్థ లాభాపేక్ష లేనిది; అయినను ఇతర నెట్‌వర్కులతో కలియుటకు అది ఇష్టపడలేదు. తమ వాడుకదారుల రహస్యమును తమంత గట్టిగా కాపాడువారు అవతల ఉందురని నమ్మకము లేదన్నది వారి కారణము. ఇంటికి కట్టిన గోడ వేరు, బాటకు అడ్డముగా కట్టిన గోడ వేరు. రెంటిని ఒకే గడ్డపారతో పడగొట్టరాదు.

ఈ మధ్యకాలపు సంగతులు

2023 డిసెంబరు 5న అమెరికాలో బీపర్ మినీ అను ప్రోగ్రాము విడుదలయ్యెను. ఆపిల్ వారి ఐమెసేజ్‌లోనికి ఆండ్రాయిడ్ ఫోనులనుండి ప్రవేశించు త్రోవను ఒక 16 ఏండ్ల విద్యార్థి కనుగొనగా, దాని ఆధారముతో దీనిని చేసిరి. మూడు దినములలో ఆపిల్ అడ్డుకొనెను. కొన్ని వారములు పెనుగులాడి, ఆ నెల ముగియకముందే బీపర్ వారు విరమించుకొనిరి. అది తమ వాడుకదారుల భద్రతకు అపాయమని ఆపిల్ చెప్పెను. ఆండ్రాయిడ్ ఫోనుకు ఐఫోనుకు నడుమ అంతవరకు తాళము లేని మామూలు ఎస్.ఎం.ఎస్.లే నడచినవి, మేము తాళము వేసితిమి గదా అని బీపర్ వారు చెప్పిరి. ఈసారి కిటికీ పెట్టినవాని మాటలోనే ఎక్కువ బలమున్నట్లు మాకు తోచుచున్నది. ఏలయనగా ఆ కిటికీ అవతలివానికి ఉన్న రక్షణను తగ్గించలేదు, పెంచినది. మనము పెట్టిన కొలతబద్ద ఇక్కడ ఎట్లు పనిచేయునో చూడుడి. సంస్థ ఒప్పుకొన్నదా అని మాత్రమే గాక, అవతలి మనిషికి మేలు కలిగినదా, కీడు కలిగినదా అని అడుగవలెను.

కిటికీ కంటె ద్వారము మేలు. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు పరస్పరము ఒప్పుకొని తమ నెట్‌వర్కులను కలిపెను. 2012 వరకు ఆ ఏర్పాటు నడచెను. గూగుల్ టాక్ కూడ 2006లో ఇతర జాబర్ సర్వర్లకు ద్వారము తెరచెను. అయితే 2013లో క్రొత్త ప్రోగ్రాము తెచ్చి ఆ త్రోవ విడిచెను. యజమాని ఇష్టముతో తెరచిన ద్వారమును యజమాని ఇష్టముతోనే మూయవచ్చును. అందుచేతనే ఐరోపా సమాఖ్య చట్టము చేసినది. 2022 నవంబరులో అమలులోనికి వచ్చిన డిజిటల్ మార్కెట్ల చట్టము ప్రకారము, వాట్సాప్, మెసెంజర్ వంటి పెద్ద ఏర్పాట్లు, అడిగిన ఇతర సంస్థలకు ద్వారము తెరువవలెను, తాళపు రక్షణ తగ్గకుండ తెరువవలెను. 2024 మార్చినుండి ఈ బాధ్యత ఆరంభమైనది. ఈ చట్టము ఐరోపాకే గాని మనకు వర్తించదు. అయినను ద్వారము, రక్షణ రెండును కలిసియుండవలెనని అది అడుగుట గమనింపదగినది.

మనము చేయదగినవి

మొదటిది. ఇట్టి ప్రోగ్రాము వాడదలచినవారు, తాళపుచెవి తమ యొద్దనే ఉండు పద్ధతిని ఎన్నుకొనవలెను. నడిమివానికి ఇయ్యవలసివచ్చినయెడల, అతడెవరో, అతని బ్రదుకుతెరువు ఏమిటో విచారించవలెను. ఉచితముగా మోయువాడు ఏమి తీసికొనుచున్నాడో అడుగుట అనుమానము కాదు, వివేకము.

రెండవది. అవతలివారికి చెప్పవలెను. "నీవు వ్రాయునది నాకు ఈ త్రోవగుండ వచ్చుచున్నది" అని ఒక్క వాక్యము చాలును. ఆ వాక్యము చెప్పుటకు మనము సిగ్గుపడినయెడల, ఆ త్రోవ మంచిది కాదని మన మనస్సాక్షియే చెప్పుచున్నది.

మూడవది. వ్యాధి, డబ్బు, పెండ్లి సంబంధము, కుటుంబ తగవు, ఇట్టి సంగతులను వారధిమీదుగా పంపరాదు. వీలైనయెడల ఫోను చేసి, లేదా వెళ్ళి కూర్చుండి మాటలాడవలెను.

నాలుగవది. మనము కూడ గోడలు కట్టుచున్నామేమో చూచుకొనవలెను. కూటము వేళ మారినదను వార్తను ఒక్క వాట్సాప్ గ్రూపులోనే వేసి, "అందరికి చెప్పితిమి" అనుకొనుచున్నాము. బటన్ల ఫోను మాత్రమే ఉన్న పెద్దమ్మకు ఆ వార్త చేరునా? ఏ.ఓ.ఎల్. గోడను తప్పుపట్టిన నోటితో ఈ గోడను ఎట్లు సమర్థింతుము? ఆమెకు ఫోను చేసి చెప్పుటకు ఒకరిని నియమించుడి. బంధువుల నంబర్లను, చిరునామాలను ఒక పుస్తకములో వ్రాసి ఉంచుకొనుడి. ఏ సంస్థ మూతబడినను ఆ పుస్తకము మూతబడదు.

గోడ కట్టినవాడు ఒక ద్వారము బాకీపడియున్నాడు. కిటికీ పెట్టుకొన్నవాడు అవతలివానికి ఒక నిజము బాకీపడియున్నాడు. మొదటి బాకీని వసూలు చేయుట ప్రభుత్వముల పని, చాలకాలము పట్టును. రెండవదానిని తీర్చుట మన పని. ఈ సాయంత్రమే తీర్చవచ్చును.

ఈ విషయమై మీ అభిప్రాయములను, మీ కుటుంబములలోని అనుభవములను వ్రాసి పంపవలసినదిగా కోరుచున్నాము.